పీహెచ్‌డీకి ముందు 14 వారాలు: దౌత్య అధ్యయనాల విద్యార్థులకు ఏం నేర్పాలి, ఏది ముందు?

(కింద ప్రతి భాగం పైన ఉన్నది రాసినవారి కలంపేరు.)

మూడో కుర్చీ (ప్రశ్న)

ఎంఏ చివరి ఏడాదిలో ఉన్న ఏడుగురు దౌత్య అధ్యయనాల్లో పీహెచ్‌డీ చేస్తామంటున్నారు. వాళ్ల కోసం 14 వారాల సన్నాహక కోర్సు తయారు చేయాలి. వారానికి 3 గంటల తరగతి, దానికి తోడు సొంతంగా చేసుకునే పని 6 గంటలు.

ప్రతిపాదనలు ముందే రాయించాను. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. "ఫలానా రెండు దేశాల సంబంధాలు: ఒక విశ్లేషణ" అని శీర్షిక, లోపల నేపథ్యం, పరిణామాలు, సవాళ్లు, భవిష్యత్తు. రాయబారి ఏం రాసి పంపాడు, విదేశాంగ శాఖలో దాన్ని ఎవరు చదివారు, ఏ మాట కొట్టేసి ఏ మాట చేర్చారు అన్నది ఒక్కదాంట్లోనూ లేదు. పేరు దౌత్యం, సరుకు మాత్రం పత్రికల్లో వచ్చిన విదేశాంగ విధానం.

అడగదలచుకున్నవి ఇవి. సిద్ధాంతం ముందా, మూలపత్రాలు ముందా? ఆర్కైవు గడప తొక్కనివాళ్లకు ఆర్కైవు పని తరగతి గదిలో నేర్పడం కుదురుతుందా? రిటైరైన రాయబారుల్ని ఇంటర్వ్యూ చేస్తామని ఏడుగురూ రాశారు, దాని మీద ఎంత బరువు పెట్టొచ్చు? కోర్సు అయ్యేసరికి ఒక్కొక్కరి చేతిలో ఏం ఉండాలి? పుస్తకాల జాబితాలు వద్దండీ, అవి ఉన్నాయి. చేయించాల్సిన పనులు చెప్పండి.

దస్త్రాల గది

పత్రాలే ముందు. మొదటి ఐదు వారాలు ఒకే ఒక్క సంఘటన, దాని కాగితాలు, అంతే. ఎంచుకునే సంఘటనకు రెండు లక్షణాలుండాలి. రెండు పక్షాల పత్రాలూ బయటికి వచ్చి ఉండాలి, అవి ఒకదానితో ఒకటి పొసగకూడదు. సోవియట్ యూనియన్ క్యూబాలో క్షిపణులు పెట్టడంతో అమెరికాతో తలెత్తిన 1962 అక్టోబరు క్యూబా క్షిపణుల సంక్షోభం అందుకు సరిగ్గా సరిపోతుంది. బాగా అరిగిపోయిన అంశం, థీసిస్‌కు పనికిరాదు. సాధనకు అరిగిపోయిందే మంచిది, విద్యార్థి ఎక్కడ పొరబడ్డాడో మీరు వేలు పెట్టి చూపించగలరు.

మొదటి వారం ఒక్క టెలిగ్రామ్ ఇవ్వండి. విషయం జోలికి పోనివ్వకండి. ఆ కాగితం ఎలా తయారైందో మాత్రం చెప్పమనండి: ముసాయిదా ఎవరిది, ఆమోదించింది ఎవరు, వరస సంఖ్య ఎంత, దేనికి జవాబు, రహస్య స్థాయి ఏమిటి, నకళ్లు ఎవరెవరికి వెళ్లాయి, ఎప్పుడు బయల్దేరింది, ఎప్పుడు చేరింది, అంచుల్లో ఎవరి చేతిరాత ఉంది. ఒక పేజీ పత్రానికి ఒక పేజీ పట్టిక. ఇక్కడే మొదటి పొరపాటు దొరుకుతుంది. అమెరికన్ రాయబార కార్యాలయం టెలిగ్రాముల కింద రాయబారి పేరే ఉంటుంది, రాసింది ఏ రెండో కార్యదర్శో అయినా సరే. విద్యార్థి మాత్రం "రాయబారి అభిప్రాయపడ్డాడు" అని నిశ్చింతగా రాసేస్తాడు. ఆ రోజు రాయబారి ఊళ్లో ఉన్నాడో లేడో కూడా చూడడు.

వేళల సంగతి విడిగా చేయించండి. 1962 అక్టోబరు 26న సోవియట్ నేత ఖ్రుశ్చేవ్ లేఖను మాస్కోలోని అమెరికన్ ఎంబసీకి అందజేశారు. అది తర్జుమా అయి, సంకేతాల్లోకి మారి, ముక్కలు ముక్కలుగా వాషింగ్టన్‌కు పూర్తిగా చేరేసరికి దాదాపు సగం రోజు పట్టింది. రెండు నగరాల మధ్య అప్పటికి 7 గంటల తేడా. 28వ తేదీ ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి తిప్పారు, ఆ రోజు నుంచి తేడా 8 గంటలు. మూడు రోజుల సంఘటనలను ఒకే కాలమానంలోకి మార్చి, ఒక్కో లేఖ "రాసిన, పంపిన, చేరిన, చదివిన" వేళలతో నాలుగు నిలువు వరసల పట్టిక వేయించండి. చదవకముందే దానికి జవాబిచ్చినట్టు రాసిన వాక్యాలు వాళ్ల వ్యాసాల్లో అప్పుడు బయటపడతాయి.

రెండు, మూడు వారాలు అక్టోబరు 27 రాత్రి. అమెరికా అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ, సోవియట్ రాయబారి డొబ్రినిన్ కలుసుకున్నారు. టర్కీలో ఉన్న 15 అమెరికన్ జూపిటర్ క్షిపణులను తీసేసే మాట వచ్చింది. దీని మీద మూడు కాగితాలున్నాయి. కెనడీ తమ విదేశాంగ మంత్రికి రాసిన నోటు ఒకటి, ఆయన పేరుతో 1969లో వచ్చిన జ్ఞాపకాల పుస్తకం ఒకటి, డొబ్రినిన్ ఆ రాత్రే మాస్కోకు పంపి 1990లలో వెలుగు చూసిన టెలిగ్రామ్ ఒకటి. పుస్తకంలో ఒప్పందం ఛాయలు పలచబడేలా తానే సవరించానని అధ్యక్షుడు కెనడీ సలహాదారు సోరెన్సెన్ 1989లో మాస్కో సదస్సులో చెప్పారు. తరగతిని మూడు జట్లు చేసి, జట్టుకు ఒక్క కాగితమే ఇచ్చి, "ఆ రాత్రి ఏం ఒప్పుకున్నారు?" అన్నదానికి 800 పదాలు రాయించండి. తర్వాతి వారం కాగితాలు మార్చండి. ఎవరి వ్యాసం ఎక్కువ నమ్మకంగా ఉందో, అది ఎందుకు తప్పిందో వాళ్లే చెప్పుకుంటారు.

నాలుగో వారం అచ్చయిన పత్ర సంపుటాలు. విద్యార్థులు వీటిని ఆర్కైవుకు బదులు అనుకుంటారు. సంపాదకులు ఏరి కూర్చినవే కదా. అమెరికా విదేశాంగ శాఖ 1861 నుంచి వేస్తున్న "ఫారిన్ రిలేషన్స్" వరసలో ఇరాన్ 1951–54 సంపుటం 1989లో వచ్చింది, అక్కడి ప్రభుత్వాన్ని కూల్చిన 1953 కుట్రలో సీఐఏ పాత్ర గురించి మాటే లేకుండా. చరిత్రకారులు గొడవ చేశారు, 1991లో చట్టం వచ్చింది, లోపించిన పత్రాలతో ఇంకో సంపుటం రావడానికి 2017 దాకా పట్టింది. 1989 సంపుటం ఒక్కటే పెట్టుకుని థీసిస్ రాసినవాళ్ల గతి ఊహించుకోండి. ఇంకా పాత ఉదాహరణ కావాలంటే 1914 ఫ్రెంచ్ పసుపు పుస్తకం, అంటే యుద్ధం ఎలా వచ్చిందో చూపడానికి ఫ్రెంచ్ ప్రభుత్వం అచ్చేసిన పత్రాల సంకలనం. రష్యా సైన్య సమీకరణ ఆస్ట్రియాకు జవాబుగానే జరిగిందనిపించేలా అందులో ఒక టెలిగ్రామ్ పాఠాన్నే మార్చి అచ్చేశారు.

ఐదో వారం: ఒకే కాగితం ఎన్నిచోట్ల ఉంటుంది? శాఖ దగ్గరి ప్రతి వేరు, ఎంబసీ దగ్గరి ప్రతి వేరు. అమెరికా జాతీయ ఆర్కైవులో ఆర్‌జీ (రికార్డ్ గ్రూప్) 59 వాషింగ్టన్ కాగితాలు, ఆర్‌జీ 84 విదేశాల్లోని కార్యాలయాలవి. ఫ్రాన్సులో శాఖవి లా కూర్నవ్‌లో, ఎంబసీలవి నాంట్‌లో. ఎంబసీ ఫైల్లో పంపకుండా ఆపేసిన ముసాయిదాలు ఉంటాయి. శాఖ ఫైల్లో ఆ టెలిగ్రామ్ చదివినవాళ్ల మినిట్లు, అంటే దాని మీద అధికారులు రాసిన వ్యాఖ్యలు ఉంటాయి. బ్రిటిష్ విదేశాంగ శాఖ ఎఫ్‌ఓ 371 ఫైళ్లలో మినిట్లు చాలాసార్లు అసలు పత్రం కన్నా విలువైనవి. కింది అధికారి మొదట రాస్తాడు, పైవాళ్లు ఒక్కొక్కరే దాని కింద రాస్తూ పోతారు. కాబట్టి ఫైలును ఫొటో తీసేటప్పుడు "మినిట్లు తర్వాత చూద్దాం" అని వదిలేసినవాడు అసలు సరుకు వదిలేసినట్టు.

ఆర్కైవుకు వెళ్లకుండానే నేర్పగలిగింది ఇంకొకటి ఉంది: కేటలాగు. ఒక్కొక్కరి చేత 40 ఫైళ్ల ఆర్డరు జాబితా వేయించండి. సంఖ్య, శీర్షిక, తేదీలు, తెరిచి ఉందా మూసి ఉందా, ఎందుకు కావాలి. తర్వాత సగం కొట్టేయించండి. వెతుకులాటలో చిక్కులు అప్పుడే తెలుస్తాయి. అమెరికా విదేశాంగ శాఖ డెసిమల్ ఫైళ్లలో (అంశానికో దశాంశ సంఖ్య ఇచ్చే పద్ధతి) సోవియట్‌తో సంబంధాలు 1949 దాకా 711.61 కింద, 1950 నుంచి 611.61 కింద. పాత సంఖ్యతో వెతికినవాడు 1950లో సంబంధాలే ఆగిపోయాయనుకుంటాడు. 1963లో మొత్తం పద్ధతే మారిపోయింది. అన్నట్టు, కేటలాగులో "డిప్లమాటిక్స్" అని కనిపిస్తే తొందరపడొద్దని చెప్పండి. అది పాత పత్రాల రూపాన్ని, ప్రామాణికతను పరీక్షించే వేరే శాస్త్రం, 1681లో మబియోన్ రాసిన గ్రంథంతో మొదలైంది. అయితే మొదటి వారం పట్టిక ఉంది చూశారా, దాని తాత ఆ శాస్త్రమే.

గుమ్మం బయట

దస్త్రాల గది గారి పద్ధతి చరిత్ర విభాగానికి బాగుంటుంది. ఐదు వారాలు ఫైళ్లలో ముంచితే విద్యార్థులకు ఈత వస్తుంది, ఒడ్డు ఎటుందో మాత్రం తెలియదు. పత్రాల్లో ఏం దొరికితే అదే థీసిస్ అయిపోతుంది. 350 పేజీల కాలక్రమం, ప్రశ్న లేదు. వైవాలో "అయితే ఏంటి?" అని అడిగితే నోరు పెగలదు.

మొదటి రెండు వారాలు ప్రశ్న వేయడం నేర్పండి. దానికి నాకు తెలిసిన సులువైన సాధనం 1961 దౌత్య సంబంధాల వియన్నా ఒప్పందం. 53 అధికరణాలే, ఒక సాయంత్రంలో అయిపోతుంది. ఒక్కో అధికరణం చదివి "జరుగుతున్నది ఇలాగే ఉందా?" అని అడగండి. అధికరణం 41 ఏమంటుంది? అధికార వ్యవహారాలు ఆతిథ్య దేశపు విదేశాంగ శాఖతోనో, దాని ద్వారానో, లేదా ఒప్పుకున్న మరో శాఖతోనో నడవాలి. ఇవాళ ఆర్థిక శాఖలు, ఆరోగ్య శాఖలు, రక్షణ శాఖలు నేరుగా మాట్లాడుకుంటున్నాయి. ఆ మాటల్లో ఎంబసీకి చోటు ఎక్కడ? ఏ విషయాల్లో అది మళ్లీ మధ్యలోకి వస్తోంది, ఎందుకు? ఇది ప్రశ్న. అధికరణం 9 ప్రకారం ఒక దౌత్యవేత్తను అవాంఛిత వ్యక్తిగా ప్రకటించడానికి కారణం చెప్పనక్కర్లేదు. అయినా చాలా ప్రభుత్వాలు కారణం చెబుతాయి, బహిరంగంగా. చెప్పనక్కర్లేనిది చెప్పడం దేనికి, ఎవరు వినాలని? ఇదీ ప్రశ్నే.

ప్రశ్న పనికొస్తుందో లేదో చూడటానికి ఒక కొలత. దానికి కనీసం రెండు పొసగని జవాబులు ఉండాలి, రెండూ తెలివైనవాళ్లు నమ్మదగ్గవి కావాలి. ప్రతి జవాబుకూ "ఇది నిజమైతే ఏ కాగితం కనపడి తీరాలి?" అని రాయించండి. ఆ కాగితం లేకపోతే జవాబు పడిపోతుంది. ఉన్నంత మాత్రాన రుజువైపోదు, ఇంకా బతికి ఉందని మాత్రమే అర్థం. కనపడితే జవాబు దాదాపు ఖాయమయ్యే కాగితం వేరే జాతి, అది దొరకడం అరుదు. పద్ధతుల పుస్తకాల్లో మొదటిదాన్ని హూప్ పరీక్ష అనీ, రెండోదాన్ని స్మోకింగ్ గన్ అనీ అంటారు. విద్యార్థులు ఎప్పుడూ తడబడేది మొదటిదాన్ని రెండోదిగా చూపించడంలోనే. మంత్రి పర్యటనకు ముందు వాణిజ్య సంఘం ఉత్తరం రాసింది, అందుకే మంత్రి వెళ్లాడు అంటారు. ఉత్తరం ఉండటం అవసరమే, చాలదు. దాన్ని మంత్రి ఎదుట పెట్టిన నోటు ఎక్కడ?

సిద్ధాంతం గురించి ఒక్క మాట. "రెండంచెల ఆట" అన్న పుట్నం 1988 నమూనా ప్రతి ప్రతిపాదనలోనూ ప్రత్యక్షమవుతుంది. బయట బేరం, ఇంట్లో ఆమోదం అని రాసి వదిలేస్తారు. ఇంట్లో ఆమోదించాల్సింది ఎవరు, ఓటెలా పడుతుంది, ఏ హద్దు దాటితే వాళ్లు కాదంటారు అన్నది తమ ఉదాహరణలో చూపించలేకపోతే ఆ పేరు తీసేయించండి. ఆచరణ సిద్ధాంతం (దౌత్యవేత్తల రోజువారీ పనితీరు నుంచే దౌత్యాన్ని వివరించే ధోరణి) వాడేవాళ్లదీ అదే కథ. ముసాయిదా చేతులు మారడాన్ని ఎవరూ చూపించకుండా "ఆచరణలు" అన్న మాట ఎన్నిసార్లు రాసినా ప్రయోజనం లేదు.

మూడో కుర్చీ

ఇద్దరి మాటా కలిపితే: 1–2 వారాలు ఒప్పందం, ప్రశ్నలు, 3–7 పత్రాలు. ఇంటర్వ్యూల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏడుగురిలో ముగ్గురి అంశాలు 2005 తర్వాతివి, వాటికి ఫైళ్లు తెరుచుకోవు. వాళ్లకు మాటలు, గణాంకాలే గతి.

రెండో కాపీ

ఇంటర్వ్యూకి చివరన వెళ్లాలి, కాగితాలన్నీ చదివాక. రిటైరైన రాయబారి మాట్లాడటంలో నలభై ఏళ్లు ఆరితేరినవాడు, మీ విద్యార్థి అడగడంలో మొదటి రోజువాడు. తేదీలు కలగలుస్తాయి, తర్వాత చదివిన పుస్తకాలు జ్ఞాపకంలోకి చొరబడతాయి, ఓడిపోయిన వాదనలో తాను ఉన్నట్టు ఎవరూ చెప్పుకోరు.

తరగతిలో చేయించగలిగింది ఇది. దౌత్యవేత్తల మౌఖిక చరిత్రలు పూర్తి పాఠాలతో ఉచితంగా దొరుకుతాయి. అమెరికన్ దౌత్య అధ్యయనాలు, శిక్షణ సంఘం చేసినవి 2,500కు పైగా ఉన్నాయి, బ్రిటిష్ వాళ్లవి కేంబ్రిడ్జిలోని చర్చిల్ కాలేజీ దగ్గర ఉన్నాయి. ఒక్కొక్కరికీ ఒక ఇంటర్వ్యూ పాఠం ఇవ్వండి. అందులో సరిచూడదగ్గ ఐదు మాటలు గుర్తించి, అచ్చయిన పత్రాలతో పోల్చమనండి. తర్వాత ప్రశ్నలడిగినాయన ఎక్కడ తప్పాడో, ఏ జవాబు దగ్గర ఇంకో ప్రశ్న వేయాల్సిందో అంచున రాయమనండి. నిజం ఇంటర్వ్యూ నాలుగు చేస్తే వచ్చే అనుభవంలో సగం దీంతో వస్తుంది.

ప్రశ్నల తయారీ: గంట సమయానికి 8 నుంచి 10, అంతకు మించొద్దు. "ఎందుకు" అన్నది మొదటి అరగంటలో రాకూడదు. ఎందుకు అని అడిగితే పత్రికలకు ఇచ్చిన జవాబే మళ్లీ ఇస్తారు. పని అడగండి. మీ డెస్కు ఏది, ఎవరికి రిపోర్టు చేసేవారు, ముసాయిదా ఎన్ని చేతులు మారేది, సాయంత్రం టెలిగ్రాములు ఏ వేళకు మూసేవారు, ఆ సమావేశంలో నోట్సు రాసిందెవరు. ఈ చివరి ప్రశ్న బంగారం. నోట్సు రాసిన జూనియర్ దొరికితే రాయబారి కన్నా ఎక్కువ ఉపయోగం, అతన్ని ఇంతవరకు ఎవరూ అడిగి ఉండరు కూడా.

షరతులు రికార్డరు నొక్కకముందే కాగితం మీద ఉండాలి. పేరుతో వాడొచ్చా, పేరు లేకుండా వాడొచ్చా, అవగాహన కోసమేనా, ఉటంకించే ముందు చూపించాలా. "చాతమ్ హౌస్ నియమం" అని ఒక్క ముక్కతో సరిపెట్టుకోవద్దు. 1927 నాటి ఆ నియమం సమావేశాల కోసం పుట్టింది. విన్నది వాడుకోవచ్చు, ఎవరన్నారో, ఏ సంస్థవారో చెప్పకూడదు, అంతవరకే. ముఖాముఖి ఇంటర్వ్యూలో ఒక్కొక్కరూ దానికి ఒక్కో అర్థం చెప్పుకుంటారు.

పేరు దాచడంలో పెద్ద మోసం మనం మనకే చేసుకుంటాం. "ఫలానా రాజధానిలో ఫలానా ఏళ్లలో రాజకీయ విభాగం చూసిన అధికారి" అని ఫుట్‌నోటులో పెడతారు. ఆ కుర్చీలో అప్పుడు కూర్చున్నది ఒక్కరే, సిబ్బంది జాబితా తెరిస్తే పేరు దొరుకుతుంది. విద్యార్థి రాసిన ప్రతి వర్ణననూ పక్క విద్యార్థి చేతికిచ్చి, గంటలో మనిషిని కనుక్కోమనండి. కనుక్కుంటే వర్ణన మార్చాలి.

ఇంట్లో దాచుకున్న పత్రాలు తీసిచ్చేవాళ్లు తగులుతారు. ఆశగా ఉంటుంది. అవి ఇంకా రహస్య జాబితాలో ఉన్న ప్రభుత్వ ఆస్తి కావొచ్చు. తీసుకోవద్దు, ఫొటో తీయొద్దు, ముందు గైడుకూ ఎథిక్స్ కమిటీకీ చెప్పాలి. ఆ కమిటీ అనుమతికి రెండు మూడు నెలలు లెక్కేసుకోండి. 12 ఇంటర్వ్యూలు కావాలనుకుంటే 40 పేర్ల జాబితాతో మొదలెట్టాలి. ఏడుగురిలో ఎవరైనా "రాయబారులను కలుస్తాను" అని తప్ప జాబితా చూపించలేకపోతే, వాళ్ల ప్రతిపాదనలో ఇంటర్వ్యూలు లేవనే అనుకోండి.

అంకెల పట్టిక

2005 తర్వాతి అంశాలవాళ్లకు నావి మూడు హెచ్చరికలు.

ఎవరి దగ్గర ఎవరి రాయబారి ఉన్నాడో చెప్పే కోరిలేట్స్ ఆఫ్ వార్ పరిశోధన ప్రాజెక్టు దత్తాంశం 1817 నుంచి 2005 దాకానే ఉంది, అంటే మీ ముగ్గురికీ నేపథ్యానికే పనికొస్తుంది. ఏటేటా లేదు. 1950 నుంచి చూస్తే దాదాపు ఐదేళ్లకోసారి తీసిన ఫొటో లాంటిది. 1971లో తెగి 1974లో అతుక్కున్న సంబంధం దాంట్లో కనపడదు. మధ్య ఏళ్లను సాఫ్ట్‌వేరుతో నింపేసి, వార్షిక రిగ్రెషన్ (గణాంక విశ్లేషణ) నడిపిన పరిశోధన పత్రాలు చాలానే వస్తాయి. ఖాళీ ఎక్కడుందో ముందు చేత్తో గీయించండి.

ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఓట్లు ఇంకొకటి. ఇద్దరు కలిసి ఓటేశారు కాబట్టి దగ్గరివాళ్లని తేల్చేస్తారు. తీర్మానాల్లో ఎక్కువ భాగం ఓటింగే లేకుండా ఆమోదం పొందుతాయి. ఓటుకొచ్చేవి తగాదా పడ్డవే. పైగా దౌత్యం జరిగేది తీర్మానం పాఠం కుదిరే గదిలో, ఓటు దాని చివరి నిమిషం. పాఠం ముసాయిదాలు ఎన్నిసార్లు మారాయో పోల్చే పని ఇస్తే విద్యార్థి ఓట్ల పట్టికను ఎంతవరకు నమ్మాలో తానే తెలుసుకుంటాడు.

మూడోది అందరికీ నోరూరించేది: 2010లో వికీలీక్స్ బయటపెట్టిన 2,51,287 అమెరికన్ కేబుళ్లు, అంటే దౌత్య టెలిగ్రాములు. వీటిలో సగానికి పైగా అసలు రహస్య వర్గానికే చెందవు. "సీక్రెట్" ముద్ర ఉన్నవి 15,652, "టాప్ సీక్రెట్" ఒక్కటీ లేదు. ఒక నిర్దిష్ట నెట్‌వర్కులో పంచుకోవడానికి పెట్టినవే బయటపడ్డాయి కాబట్టి, కార్యాలయానికీ కార్యాలయానికీ సంఖ్యలో పోలికే ఉండదు. "ఈ దేశం గురించి తక్కువ కేబుళ్లున్నాయి, కనుక అమెరికాకు ఆసక్తి తక్కువ" అన్న వాక్యం కనపడితే ఎర్రసిరా వాడండి. వాడుకోవచ్చా లేదా అన్నది సంస్థల నియమాలను బట్టి, విద్యార్థి తర్వాత చేయబోయే ఉద్యోగాన్ని బట్టి మారుతుంది. లిఖితపూర్వకంగా అడిగించండి. వియన్నా ఒప్పందం అధికరణం 24 ఎంబసీ పత్రాలకు ఎప్పుడైనా ఎక్కడైనా రక్షణ ఇస్తుంది. అయినా బ్రిటన్ సుప్రీంకోర్టు 2018లో చాగోస్ దీవులవాసుల బాంకూల్ కేసులో లీకైన కేబుల్‌ను సాక్ష్యంగా స్వీకరించవచ్చంది. తరగతిలో వాదన పెట్టడానికి ఇంతకన్నా మంచి తీర్పు దొరకదు.

కొంచెం వెనక్కి జరపగలిగితే 1973 నుంచి మొదలయ్యే అమెరికన్ విదేశాంగ టెలిగ్రాములు జాతీయ ఆర్కైవు వెబ్‌సైటులో పాఠంగానే వెతకొచ్చు. కొన్నింటికి తలకట్టు మాత్రమే మిగిలింది, పాఠం పోయింది. కొన్ని చోట్ల అక్షరాలు చెదిరిపోయాయి. "వెతికితే రాలేదు" అన్నదాన్ని "లేదు" అని రాయకూడదు.

మూడో కుర్చీ

మూసి ఉన్న ఫైళ్ల కోసం సమాచార హక్కు దరఖాస్తులు పెట్టిస్తే? మూడు నాలుగేళ్ల పీహెచ్‌డీలో అది పనవుతుందా?

దస్త్రాల గది

పెట్టించండి, చేరిన మొదటి నెలలోనే. కానీ ఏ చాప్టరూ దాని మీద నిలబడకూడదు. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ చట్టం ప్రకారం గడువు 20 పనిదినాలు. బ్రిటన్‌లో అంతర్జాతీయ సంబంధాల మినహాయింపు (2000 చట్టం, సెక్షన్ 27) వచ్చిందంటే ప్రజా ప్రయోజనం తూకం వేస్తున్నామంటూ గడువు పెరుగుతుంది. వెతకడానికి 600 పౌండ్లకు మించి ఖర్చవుతుందంటే కేంద్ర శాఖలు కాదనొచ్చు. అందుకే "1995–2005 మధ్య పత్రాలన్నీ" అని రాసినవాడికి తిరస్కారమే వస్తుంది. ఒక సమావేశం, ఒక తేదీ, ఒక టెలిగ్రామ్ సంఖ్య అడగాలి. అమెరికాలో ఏళ్లు పట్టిన సందర్భాలు కొల్లలు. అక్కడ పత్రం ఏదో కచ్చితంగా తెలిస్తే తప్పనిసరి డీక్లాసిఫికేషన్ (రహస్య ముద్ర తొలగింపు) సమీక్ష అనే ఇంకో దారి ఉంది. శాఖ కాదంటే దాని మీద అంతర్‌శాఖల అప్పీలు ప్యానెల్‌కు వెళ్లొచ్చు. పత్రం ఏదో ఎలా తెలుస్తుంది? పెట్టెలోంచి తీసేసిన ప్రతి కాగితం స్థానంలో ఒక చీటీ ఉంటుంది. తేదీ, రకం, ఎవరి నుంచి ఎవరికి అన్నది దాని మీదే ఉంటుంది. ఖాళీ చీటీ కదా అని తిప్పేస్తారు. వాటిని కూడా ఫొటో తీయాలి.

మూతపడటం పాత కాగితాలకూ జరుగుతుంది. చైనా విదేశాంగ శాఖ ఆర్కైవు 2004 నుంచి 1949–65 పత్రాలను విడతలుగా తెరిచింది, 2012–13 వచ్చేసరికి చాలా భాగం మళ్లీ మూసేసింది. దాన్నే నమ్ముకున్న థీసిస్‌లు నడిరోడ్డున నిలిచాయి. అందుకని 40 ఫైళ్ల జాబితాలో ఒక నిబంధన పెట్టండి: ప్రతి చాప్టరుకూ రెండు వేర్వేరు ప్రభుత్వాల ఆర్కైవులు, లేదా ఒక ఆర్కైవు, ఒక ప్రైవేటు పత్రాల సేకరణ. ఒక తలుపు మూసుకున్నా చాప్టరు బతకాలి.

ఫొటోల సంగతి రెండు ముక్కల్లో. పెట్టె తెరవగానే మొదటి ఫొటో పెట్టె లేబులు, రెండోది ఫైలు అట్ట, తర్వాతే పేజీలు, వెనక రాత ఉంటే వెనక వైపు కూడా. ఫైలు పేరులో సిరీస్, ఫైలు సంఖ్య, పేజీ వరస ఉండాలి. కెమెరా ఇచ్చిన సంఖ్యతో వదిలేస్తే ఆరు నెలల తర్వాత ఎక్కడిదో చెప్పే దిక్కుండదు. ట్రోపీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేరు ఒక పత్రం పేజీలన్నిటినీ కట్టగా ఉంచుతుంది. రోజుకు 400 ఫొటోలు తీయడం కష్టం కాదు. 400 చదవడానికి రెండు వారాలు పడుతుంది. ఆర్కైవులో గడిపే ప్రతి వారానికీ ఇంటి దగ్గర చదివే వారాలు నాలుగైనా లెక్కలో లేకపోతే ఆ టైమ్‌టేబులు వెనక్కి ఇచ్చేయండి.

14వ వారానికి చేతిలో ఉండాల్సినవి: ఒక్క వాక్యం ప్రశ్న, పొసగని జవాబులు, జవాబుకొక పరీక్ష (గుమ్మం బయట గారి కొలత నాకు నచ్చింది, ఒప్పుకుంటున్నా), వడకట్టిన 20 ఫైళ్లు, 40 పేర్లు, నాలుగు పేజీల ఒక పత్ర విశ్లేషణ. లిటరేచర్ రివ్యూ పూర్తవ్వాలని పట్టుబట్టకండి, అది మొదటి ఏడాది ఎలాగూ మళ్లీ రాస్తారు.

మూడో కుర్చీ

చివరగా భాష. ఇద్దరు తమ అంశం తాలూకు రెండో భాష రాకుండానే అనువాదాలతో నెట్టుకొస్తామంటున్నారు.

గుమ్మం బయట

తరగతిలో రెండు పాఠాలు పక్కపక్కన పెట్టండి, వాళ్లే తేల్చుకుంటారు. మొదటిది 1967 నవంబరు 22 నాటి భద్రతామండలి 242వ తీర్మానం. ఇజ్రాయెల్ వెనక్కి తగ్గాల్సిన "భూభాగాలు" అన్న మాట ముందు ఇంగ్లిష్ పాఠంలో "the" లాంటి ఆర్టికల్ లేదు, ఫ్రెంచి పాఠంలో ఉంది. "కొన్ని"నా, "అన్నీ"నా అన్న వాదన ఆ చిన్న మాట చుట్టూ ఇప్పటికీ నడుస్తోంది. రెండోది 1889 వుచాలే ఒప్పందం, అధికరణం 17. అమ్హారిక్ పాఠంలో ఇథియోపియా ఇతర దేశాలతో వ్యవహారాలకు ఇటలీ సాయం "తీసుకోవచ్చు". ఇటాలియన్ పాఠంలో "తీసుకోవాలి". ఆ లెక్కన ఇథియోపియా తన రక్షిత రాజ్యమని ఇటలీ ప్రకటించుకుంది, ఇథియోపియా చక్రవర్తి మెనెలిక్ ఒప్పుకోలేదు, వ్యవహారం 1896లో అడువా యుద్ధం దాకా వెళ్లింది.

ఒక్కో పాఠం మీద రెండు పేజీలు రాయమనండి. తేడా ఎక్కడ పుట్టింది, ముసాయిదా ఎవరి చేతుల మీదుగా వెళ్లింది, ఎవరికి ఏ భాష వచ్చు, తేడా ఉందని మొదట ఎవరు ఎప్పుడు గమనించారు. ఒప్పందాల చట్టంపై 1969లో వచ్చిన మరో వియన్నా ఒప్పందంలోని అధికరణం 33 కూడా పక్కన పెట్టుకోవచ్చు, రెండు భాషల పాఠాలకూ సమాన విలువ అన్న సూత్రం అక్కడుంది. "అనువాదకుడి పొరపాటు" అని ఒక్క వాక్యంతో ముగించినవాళ్ల కాగితం మార్కులు వేయకుండా వెనక్కి ఇవ్వండి, ఆ అనువాదకుడు ఎవరి దగ్గర పనిచేశాడో కనుక్కుని రమ్మనండి.